ఒక విశ్వాసి గృహంలో

మూడోసారి టీ కప్పులు కడుగుతుంటే ముందుగదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది. "ఆ పేజీలు టైపు చేయడం అయిందా? ఇందాకటి నుంచి ఇంతమందిమి నీ కోసమే కూర్చున్నాం." కూర్చున్నారు, నిజమే. నేను ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికే కూర్చుని ఉన్నారు. నేను నిలబడి టీ కాచి, నిలబడి అందించి, నిలబడే కడుగుతున్నాను. చేతులు తుడుచుకుని కాగితాలు తీసుకెళ్లి ఇస్తే పాస్టరుగారు కళ్లజోడు పైకి తోసుకుని, "చెల్లెమ్మ చెయ్యి పడితే అక్షరాలు కూడా బుద్ధిగా కూర్చుంటాయి" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, "టైపే కదండీ, అందులో ఆలోచించేదేముంది" అన్నాడు.

మా బాప్టిస్టు సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయి. ఆ సందర్భంగా సంఘ చరిత్రను పుస్తకంగా వేయాలని తీర్మానించారు. రచయిత మా ఆయన. హైస్కూల్లో చరిత్ర చెబుతాడు, సంఘానికి కార్యదర్శి, అన్నిటికీ మించి సంఘాన్ని స్థాపించి, పాస్టరు పక్కన పెద్దరికం చేసిన పెద్ద డీకనుగారి ఏకైక కుమారుడు. రచన ఎలా సాగేదంటే, మధ్యాహ్నం భోజనం అయ్యాక సోఫాలో పడుకుని, కళ్లు మూసుకుని, "నాన్నగారు నడుం బిగించి మందిరం కట్టించారు, అదీ ఇదీ... నువ్వు కాస్త సర్ది రాయి" అనేవాడు. నేను సర్ది రాసేదాన్ని. నేను సర్దిన వాక్యాలను మా ముందుగదిలో కూర్చునే పుస్తకం కమిటీకి గొంతు సవరించుకుని తనవిగా చదివేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తాడని విన్నాను గానీ, పెళ్లాం మాటలు మొగుడు దానం చేయడం మా ఇంట్లోనే చూశాను. అదేమీ నాకు కొత్త కాదు. స్కూలు వార్షికోత్సవ ఉపన్యాసాలూ అంతే, మా మామయ్యగారు పోయినప్పుడు ఆయన చదివి అందరినీ ఏడిపించిన నివాళీ అంతే. దానికి నేను మనసు కష్టపెట్టుకుంటే మా అత్తయ్య అనేది: "మగాడు నోరు చేసుకుంటాడు, మన కష్టం తనదంటాడు. చెయ్యి చేసుకోవట్లేదు కదా. నీకేం, అదృష్టవంతురాలివి."

అనుమానం మొదటి పేజీలోనే పుట్టింది. "సంఘపు తొలి ఆరాధన ఒక విశ్వాసి గృహంలో జరిగింది" అని రాయమన్నాడు. నేను పనిచేసేది కళ్లాసుపత్రి రిసెప్షన్లో. పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చినవాళ్లని ఇల్లెక్కడ, వాకిలెక్కడ అని అడగడమే నా ఉద్యోగం. అలవాటు కొద్దీ నోరు జారింది.

"ఎవరి ఇల్లండీ అది?"

"ఎవరిదైతే ఏం? విశ్వాసిది."

"ఆ విశ్వాసి ఎవరో రాస్తే నిండుగా ఉంటుంది కదా."

"నువ్వు టైపు చెయ్యి."

ఆ గొంతులో విసుగుంటే నేను మర్చిపోయేదాన్ని. ఆయన విసుగు నాకు గోడ గడియారం చప్పుడు లాంటిది, వినపడదు. కానీ ఆ గొంతులో విసుగు లేదు, జాగ్రత్త ఉంది. పైగా సోఫాలోంచి లేచి కూర్చున్నాడు. ఒక్క ప్రశ్నకి ఈయన లేచి కూర్చోవడమేమిటి?

ఆదివారం పాస్టరుగారిని అడిగాను. "ఆది శిష్యులు మేడగదిలో కూడుకున్నారు చెల్లెమ్మా. ఆ మేడ ఎవరిదని ఎవరైనా అడిగారా?" అని నవ్వేసి వెళ్లిపోయారు. బైబిల్లో అదే పుస్తకంలో కాస్త ముందుకెళితే, శిష్యులు ఒక తల్లి ఇంట్లో కూడి ప్రార్థించారని ఆ ఇల్లాలి పేరుతో సహా ఉంటుందని ఆయనకి నేను చెప్పాలా? ఇంటికొచ్చి అత్తయ్యని అడిగాను. ఆవిడ దుప్పటి మడతపెడుతోంది. "ఆ తలుపు వెయ్యి, గాలి కొడుతోంది" అంది. ఆకు కదలడం లేదు బయట. దుప్పటి మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే ఒకరు భుజాలు తడుముకుంటే నవ్వొస్తుంది. ఇల్లూ, మందిరమూ అంతా కలిసి తడుముకుంటుంటే భయం వేస్తుంది.

తొలినాళ్ల ఆడవాళ్లలో మా అత్తయ్య కాక బాగా తిరుగుతున్నది రిటైరైన నర్సమ్మగారు ఒక్కరే. ఆవిడని కలుస్తానంటే మా ఆయన వెంటనే, "ఎందుకు, శ్రమ. ఆవిడకి మతి పోయింది. ఎదురుగా ఎవరున్నారో కూడా తెలీదు" అన్నాడు. అంతకు ముందు వారమే నర్సమ్మగారు కంటి పరీక్షకి మా ఆసుపత్రికి వచ్చింది. నన్ను చూసి పేరు పెట్టి పిలిచి, మా అమ్మ మోకాళ్లెలా ఉన్నాయని అడిగి, చుక్కల మందు మూత సరిగా లేదని కాంపౌండరుని ఉతికి ఆరేసింది. మతి పోయిన మనిషా ఆవిడ? నా మొగుడు అబద్ధం ఆడతాడని నాకు తెలుసు. ఆయన ఆడే అబద్ధాలన్నీ తన గొప్పల గురించి. ఇంకొకరి నోరు మూయడానికి అబద్ధం ఆడటం మాత్రం మొదటిసారి చూశాను.

నర్సమ్మగారు మళ్లీ పరీక్షకి వచ్చిన రోజు, కళ్లలో మందు వేసి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు పక్కన చేరాను. కళ్లు మూసుకునే మాట్లాడింది.

"ఎవరి ఇల్లేమిటే అమ్మాయ్, కుట్టుమిషనమ్మ ఇల్లు. బట్టలు కుట్టేది, మొగుడు పోయిన మనిషి. ఇంట్లో పనులన్నీ ముగించుకుని మధ్యాహ్నం పూట ఆడవాళ్లం వెళ్లేవాళ్లం. మిషను గోడకి జరిపితేనే మోకరించడానికి చోటుండేది. చదవడం రాని మాకు ఆవిడే వాక్యం చదివి వినిపించేది. ఊరి చివర కాలువలో ముందు బాప్తిస్మం తీసుకున్నది ఆడవాళ్లమే. నీళ్లలో దిగేటప్పుడు తొడుక్కునే ఆ అంగీలు కూడా ఆవిడ కుట్టినవే. మా మగవాళ్లు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, వచ్చాక కుర్చీలు అడిగారు."

"మరి మామయ్యగారు..."

"మీ మామ మందిరం కట్టించాడు. కాదనను. సంఘం కట్టింది మాత్రం ఆవిడ."

"మరి ఆవిడ మాటే లేదేమిటి ఎక్కడా?"

నర్సమ్మగారు చెంప మీదకి కారిన మందు కొంగుతో తుడుచుకుంది. "వెలివేశాం. అందరం ఓటేసి. మన పద్ధతి తెలుసు కదా, ఆడామగా అందరికీ ఓటుంటుంది. నేనూ ఎత్తాను చెయ్యి."

"ఎందుకు?"

"అది నేను చెప్పకూడదు. నా ఇంటి సంగతి కాదు. మీ ఇంట్లో అడుగు."

మిగతా పూటంతా నా కుర్చీలో నేను లేను. ఒకాయన కుడి కన్నంటే ఎడమ కన్ను రాశాను. డాక్టరుగారు, "ఏమ్మా, ఇంట్లో ధ్యాస ఇంట్లో వదిలి రావాలి" అన్నారు. ఆసుపత్రి ధ్యాస ఇంటికి మోసుకెళ్లి ఆయన క్లినిక్ ఫోన్లు ఎత్తినప్పుడు ఈ నీతి గుర్తురాదు. బస్సులో కూర్చుని నేను అందరూ ఆలోచించేదే ఆలోచించాను. మొగుడు లేని ఆడమనిషి, పెద్ద డీకను, ఇంటి గుట్టు. ఇంకేముంటుంది? నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను. ఆ పొగ ఎవరు ఊదుతున్నారో ఆలోచించలేదు. అత్తయ్య మీద జాలి కూడా కలిగింది.

మర్నాడు పొద్దున మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగేశాను. "మామయ్యగారికీ ఆ కుట్టుమిషనమ్మకీ ఏమైనా సంబంధం ఉండేదా?"

తిడతాడనుకున్నాను. చెయ్యెత్తినా ఎత్తుతాడనుకున్నాను. తండ్రిని అంత మాటంటే ఏ కొడుకు ఊరుకుంటాడు, అందులోనూ ఆ తండ్రికి మందిరం పక్కన కడుతున్న కొత్త హాల్లో నిలువెత్తు పటం చేయిస్తున్న కొడుకు? ఆయన భుజాలు దిగాయి. ఊపిరి వదిలాడు. "ఎవరు చెప్పారు నీకు? సరేలే... ఆవిడ అలాంటిదని అనుకునేవాళ్లు. నాన్నగారి వెంట పడిందని. అందుకే ఆ ఊసు వద్దన్నాను. పోయినవాళ్ల పరువెందుకు తీయడం" అని నెమ్మదిగా, దాదాపు ప్రేమగా అన్నాడు. చొక్కా అందుకుంటూ థాంక్స్ కూడా చెప్పాడు. పెళ్లయ్యాక ఇస్త్రీకి థాంక్స్ అందుకోవడం అదే మొదలు. నేను తట్టింది తప్పు తలుపని ఆ థాంక్స్ తోనే అర్థమైంది. ఈ నింద ఆయనకి నొప్పిగా లేదు, నీడగా ఉంది. దీనికంటే పెద్దది ఏదో దాని వెనక దాక్కుని ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి గోళ్లు తీస్తున్నాను. వంగలేదు ఆవిడ, ఆ పని ఎప్పుడూ నాదే. ఉన్నట్టుండి, "వాడినేం అడిగావు మొన్న?" అంది. ఆవిడకి చెవులు వినపడవని లోకం అనుకుంటుంది. వినాలనుకున్నవి అన్నీ వినపడతాయి.

నేను ఇంకో గోరు తీశాను.

"మీ మామకీ ఆవిడకీ సంబంధమా?" కాలు నా చేతిలోంచి లాగేసుకుంది. "ఆ మనిషిని అంత మాటంటావా? నువ్వు కూడానా?"

"నాకేం తెలుసు అత్తయ్యా? ఎవరూ ఏమీ చెప్పకపోతే..."

ఆవిడ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "మందిరం ప్రతిష్ఠకి కొత్త బట్టలు కుట్టించుకుందామని వెళ్లాను. కొలత తీస్తూ చెయ్యి పైకెత్తమంది. ఎత్తలేకపోయాను. ఏమైందంటే ముఖం తిప్పుకున్నాను. బట్ట పక్కకి జరిపి చూసింది. భుజం నుంచి నడుం దాకా కమిలిపోయి ఉంది. నెమ్మదిగా కప్పేసింది. ఆ వారమే సభ్యుల కూటంలో లేచి నిలబడి అడిగింది, పెళ్లాన్ని గొడ్డుని బాదినట్టు బాదేవాడు ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి అందరికీ పంచొచ్చా అని. ముందుగా అప్పటి పాస్టరుని పట్టుకుని, పెద్దల్ని పట్టుకుని చెప్పిందట. ఎవరూ వినకపోతే అందరిలో అడిగింది. అప్పుడు పాస్టరు నన్ను లేపి, 'నిజమేనా అమ్మా' అన్నాడు. మీ మామ పక్కనే ఉన్నాడు. వీడు నా ఒళ్లో ఉన్నాడు, నాలుగేళ్లవాడు."

"మీరేమన్నారు?"

"మెట్ల మీద జారిపడ్డానన్నాను." పెదవి తడుపుకుంది. "డీకను మీద అపనింద వేసిందని ఆవిడని తీసేయడానికి ఓటు పెట్టారు. అందరూ ఎత్తారు. మీ మామ నా వైపు చూశాడు. ఎత్తాను. దెబ్బలున్న చెయ్యే ఎత్తాను. ప్రాణం పోయినంత నొప్పెట్టింది. ఆవిడ నన్ను చూసి, దించమ్మా, ఇక దించు అన్నట్టు తల ఊపింది."

నేను గోళ్ల కత్తెర పక్కన పెట్టాను. నీకేం, అదృష్టవంతురాలివి అని ఇన్నేళ్లు నాతో అన్న మాట ఎత్తిపొడుపు అనుకున్నాను. ఆవిడ దగ్గరున్న కొలబద్ద అదొక్కటే పాపం.

"ఆ తర్వాత కూడా బాప్తిస్మం అంగీలు ఆవిడే కుట్టేది," అంది అత్తయ్య. "గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లిపోయేది. లోపలికి ఒక్కరం కూడా పిలవలేదు. పోయినప్పుడు మన సమాధుల్లో చోటు కూడా ఇవ్వలేదు... ఇది రాయకు. నేను పోయాక రాసుకో. ఈ వయసులో నాకు ఆ ముఖాల మధ్య కూర్చునే ఓపిక లేదు."

రాయనని మాటిచ్చాను. ఆవిడ బతుకు, ఆవిడ ఇష్టం. కానీ 'ఒక విశ్వాసి గృహంలో' అన్న మాట మాత్రం ఇక నా వేళ్లతో కొట్టలేననిపించింది. ఆ సాయంత్రం మా ఆయనతో, "ఇల్లు ఎవరిదో రాస్తేనే టైపు చేస్తాను" అన్నాను. ఆయన కాగితాలు లాక్కుని బయట టైపు చేయించుకున్నాడు. వారం రోజులు మాట్లాడలేదు. ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది.

పుస్తకాన్ని ఆమోదించడానికి ఆరాధన తర్వాత సభ్యుల కూటం పెట్టారు. మా ఆయన చదివాడు. బాగా చదివాడు, ఎంతైనా నా వాక్యాలు. పాస్టరుగారు, "మార్పులేమైనా ఉంటే చెప్పండి" అన్నారు, ఉండవని తెలిసి. నేను లేచాను.

"తొలి ఆరాధన కుట్టుమిషనమ్మగారి ఇంట్లో జరిగింది. ఈ సంఘాన్ని మొదలుపెట్టింది ఆవిడ. అది పుస్తకంలో ఉండాలి. అంతే నేను అడిగేది."

గుసగుసలు. "కూర్చో," అన్నాడు మా ఆయన పళ్ల మధ్య నుంచి. నేను కూర్చోలేదు. అప్పుడాయన సభ వైపు తిరిగి పాఠం చెబుతున్నట్టు అన్నాడు. "సరే. అంత గొప్ప మనిషిని సంఘం ఎందుకు వెలివేసిందో కూడా మా ఆవిడ సెలవిస్తే బాగుంటుంది. చెప్పు. ఎందుకు?"

వెనక బల్లల మీద ఎవరో నవ్వారు. "ఎందుకో అందరికీ తెలిసిందేగా" అన్నారింకెవరో. పాస్టరుగారు చూపు దించుకున్నారు. నర్సమ్మగారు నన్నే చూస్తోంది. సమాధానం నా నాలుక మీదే ఉంది. నేను చెప్పనని ఆయనకి తెలుసు. అత్తయ్య నాకు చెప్పిందని కూడా తెలుసని ఆ క్షణాన ఆయన ముఖంలో కనిపించింది. తెలిసే అడుగుతున్నాడు, తన తల్లి సిగ్గునే నా నోటికి అడ్డంగా పెట్టి. నాలుగేళ్ల పిల్లవాడికి అన్నీ గుర్తున్నాయి. నేను మాటిచ్చాను కనుక నోరు మూసుకున్నాను. ఒక మంచి మనిషి మీద ఆ నవ్వు పడుతుంటే, మాట్లాడకుండా నిలబడటం ఎలా ఉంటుందో తెలిసింది.

ఆడవాళ్ల వైపు బల్ల కిర్రుమంది. అత్తయ్య లేస్తోంది. పట్టుకోబోతే నా చెయ్యి వదిలించుకుంది. ముందు బల్ల అంచు ఊతంగా పట్టుకుని, పాస్టరుగారిని కాదు, కొడుకుని చూసింది.

"ఒరేయ్, అప్పుడు మనం ఉన్నది ఒంటిగది ఇల్లు, గడప దాటితే రోడ్డు. మెట్ల మీద జారిపడ్డానని నేను చెబితే నమ్మి చేతులెత్తిన ఈ పెద్దవాళ్లందరూ మన ఇంటికి వచ్చి భోంచేసి వెళ్లినవాళ్లే. అడుగు వాళ్లని, ఆ ఇంటికి మెట్లెక్కడున్నాయో."