మంచం కోడు కింద

నేను ఒక ఫెల్టు ముక్కను. బొట్టుబిళ్ల కన్నా పెద్దగా, అప్పడం కన్నా చిన్నగా, గుండ్రంగా, బూడిదరంగులో ఉంటాను. గొర్రెల ఉన్నిని వేడినీళ్లలో తడిపి, యంత్రం కింద అణిచి అణిచి మందపాటి దుప్పటిలా చేసి, దాన్ని ముక్కలుగా కోసి వీపున జిగురు పూస్తే మేం పుడతాం. బరువైన సామాను కాళ్ల కింద అంటుకుని, నేల మీద గీతలు పడకుండా చూడటం మా పని. పుట్టుకతోనే అణిగిన వాళ్లం, ఎంత బరువు మీద పడినా నోరెత్తం.

మద్దిలపాలెంలో ఒక హార్డ్‌వేర్ షాపులో మేకుకు వేలాడుతున్న నన్నూ, నా తోటి ముక్కల్నీ కొన్నది వకుళ. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు.

"ఇనప మంచం వస్తోందయ్యా ఇంటికి. మాది చెక్క నేల. గీత పడకూడదు," అని షాపతనికి ఒకటికి రెండుసార్లు చెప్పింది.

నిజానికది చెక్క కాదు. చెక్కలా కనిపించే లామినేట్ పలకలు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్లూ తండ్రి ఇంట్లోనో, అద్దె ఇళ్లలోనో, ఎవరో వేయించిన గచ్చు మీదే నడిచింది. రిటైరయ్యాక మూడో అంతస్తులో ఈ ఫ్లాటు కొనుక్కుని, తేనెరంగు పలకలు తనే ఏరుకుని పరిపించుకుంది. ఆ ఇంట్లో కుర్చీని లాగకూడదు, ఎత్తాలి. చెప్పులు గుమ్మం దగ్గర కాదు, మెట్ల దగ్గర విడవాలి. మనుషులు ఇష్టపడి తెచ్చుకున్నదాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారంటే, దాని మీద హాయిగా నడవడం కూడా మానేస్తారు.

ఆ మంచం ఆమె చెల్లెలు మందాకిని కోసం. మందాకిని పార్వతీపురం డిపోలో బస్సు కండక్టరు. భర్త పోయాడు, పిల్లలు లేరు. రొమ్ములో మొదలైన క్యాన్సర్ వెన్నుపూసకు పాకి నడుం కింద చచ్చుబడిపోయింది. ఇక ఇంటికి తీసుకెళ్లండని డాక్టర్లు చెప్పినప్పుడు, ఇంకెవరూ నోరు తెరవకముందే "నా దగ్గరే ఉంటుంది" అంది వకుళ. ఆ మాట ప్రేమతోనే అంది. మా కోసం షాపుకొచ్చింది కూడా ఆ మర్నాడే.

ఆసుపత్రుల్లో ఉండే రకం మంచం అది. పిడి తిప్పితే తలవైపు లేస్తుంది. నాకు కాళ్లవైపు కోడు దక్కింది. ఆ చీకట్లో మనుషుల్ని నేను అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టేదాన్ని. వకుళవి మెత్తటి అడుగులు. ఆయా పైడమ్మవి బరువైనవి. మందాకిని అడుగు మాత్రం నేనెప్పుడూ వినలేదు.

రోజూ పొద్దున్నే వకుళ నొప్పుల మోకాళ్ల మీద వంగి మా చుట్టూ దుమ్ము తుడిచేది. ఒక్క ఇసుక రేణువు మా కింద ఇరుక్కున్నా, గీత పడకుండా కాయాల్సిన మేమే గీత గీస్తాం మరి.

"అక్కా, మంచం కిటికీ కాడికి జరపవే," అంది మందాకిని ఒకరోజు. "రోడ్డు కనబడతాది. బస్సులు చూసుకుంటాను."

"నలుగురుండాలే. ఎత్తిపెట్టాలి. లాగితే నేలంతా గీరుకుపోతుంది. ఆదివారం ధర్మారావు వస్తానన్నాడు, ఇంకెవరినైనా వెంటబెట్టుకు రమ్మంటాను."

"ఏటో అక్కా. ఉద్యోగమంతా కదిలే బండిలో నిలబడే చేసినాను. ఇప్పుడు కదలని మంచంలో పడుకున్నాను, సూడు," అని నవ్వింది మందాకిని. వకుళ కూడా నవ్వింది.

ధర్మారావు వాళ్ల చిన్నాన్న కొడుకు. ఆ ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం ఎవరిదో గృహప్రవేశం అన్నాడు. మందాకిని మళ్లీ అడగలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఆమె చేతిలోంచి నీళ్ల గ్లాసు జారింది. వకుళ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ పలకలకు నీళ్లు పడవు, అతుకుల్లోకి దిగితే ఉబ్బిపోతాయి. తువ్వాలు తీసి నేల మీద పడి, "అయ్యో, సందుల్లోకి దిగిపోయింది," అంటూ ఒక్కో అతుకూ ఒత్తి ఒత్తి తుడిచింది. అంతా అయ్యాక తలెత్తి చూస్తే చెల్లెలి జాకెట్టూ దుప్పటీ తడిసి ముద్దయ్యాయి. వణుకుతోంది.

"ఇంత తడిసిపోతే చెప్పవేమే?"

"ముందు నేల తుడుసుకో అక్కా," అంది మందాకిని. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే నాకు భయమేసింది.

ఆ మర్నాటి నుంచి పైడమ్మ నీళ్లు తెచ్చినప్పుడల్లా మందాకిని "ఇప్పుడొద్దు" అనేది. మందులు మింగడానికి ఒక్క గుక్క, అంతే.

ఇళ్లకొచ్చి చూసే డాక్టరమ్మ ఒకామె ఉండేది. ఆమె మందాకిని నోరు తెరిపించి చూసి, "నీళ్లు తాగడం లేదా అమ్మా? నాలుకంతా పుండైపోయింది," అంది.

"దాహం లేదండి."

"దాహం నేకేటి డాట్రమ్మా!" పైడమ్మ ఇక ఆగలేకపోయింది. "నాలిక సప్పరిత్తానే ఉంటాది. ఒలికిపోతే అప్పగారి నేల పాడైపోద్దని తాగదు."

గుమ్మం దగ్గర మెత్తటి అడుగులు ఆగిపోయాయి. వెళ్లేటప్పుడు డాక్టరమ్మ హాల్లో వకుళతో అన్న మాటలు నాకు వినబడ్డాయి. ఇక ఎన్నాళ్లో లేదు, ఆమె ఏది కోరితే అది ఇవ్వండి, అని.

పైడమ్మ భోజనానికి వెళ్లగానే వకుళ కొంగు నడుముకు దోపుకుని మంచం పట్టె పట్టుకుని లాగింది. కదలలేదు.

"వద్దే అక్కా. నేల..."

"నేల గంగలో కలవనీ!"

వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి తోసింది. ఒక్క కుదుపు. నా జిగురు ఊడింది. నేను సగానికి చిరిగి పక్కకు పడ్డాను. ఇనప కోడు నేల మీద కీచుమంటూ కదిలింది. గోడ దగ్గర్నుంచి కిటికీ దాకా తెల్లగా పొడుగాటి గీత పడింది. నేను చేయాల్సిన పని ఒక్కటే, అది నా చేత కాలేదు. అలా వెల్లకిలా పడ్డాకే మొదటిసారి ఆ అక్కచెల్లెళ్ల ముఖాలు చూశాను. ఇద్దరిదీ ఒకటే ముక్కు.

వకుళ పిడి తిప్పి తలవైపు లేపింది. కానీ అప్పటికే డాక్టరమ్మ ఇచ్చిన నొప్పి మందు మత్తు కమ్ముకొచ్చింది. మందాకిని కళ్లు తెరిచే ఉన్నా చూపు నిలవడం లేదు.

"అది ఏ బస్సక్కా?"

వకుళ ఒక్క క్షణం తటపటాయించింది. "కొత్తవలసది."

"నిండుగా ఎల్తందా?"

"నిలబడ్డానికి కూడా చోటు లేదే."

"ఎనక్కి జరగండమ్మా... ఎనక్కి..." అని గొణిగింది మందాకిని.

నేల మీద ఉన్న నాకు రోడ్డు కనబడదు. కానీ బస్సు చప్పుడు మాత్రం వినబడలేదు.

వకుళ చెంచాతో నీళ్లు పోసింది. అవి పెదవి చివర నుంచి జారిపోయాయి. మళ్లీ పోసింది. మళ్లీ జారాయి. దిండు మీది నుంచి నేల మీదికి చుక్కలు పడుతున్నాయి. ఆమె తుడవలేదు, బతిమాలుతూ పోస్తూనే ఉంది. ఒక్క గుక్కా లోపలికి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మందాకిని పోయింది.

మంచం తీసుకెళ్లిపోయారు. అస్థికలు కలపడానికి మందాకిని మరిదివాళ్లతో వకుళ భీమిలి వెళ్లింది. అప్పుడొచ్చాడు ధర్మారావు, వెంట ఒక పనివాణ్ని పెట్టుకుని. "పాపం, అక్క ప్రాణమంతా ఈ నేల మీదే. వచ్చేసరికి బాగుచేసేద్దాం," అన్నాడు. మంచివాడే. మనుషుల మంచితనానికి తీరిక దొరికే వేళలు వేరు, అంతే. పనివాడు తేనెరంగు మైనం కరిగించి గీతలో నింపి, గీకి, గుడ్డతో రుద్దాడు. చెత్తతోపాటు నన్నూ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి గది తలుపు గడియకు తగిలించాడు.

వకుళ తడి చీరతోనే గదిలోకి వచ్చింది.

"అక్కా, గీత ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం!" అన్నాడు ధర్మారావు.

ఆమె నేల మీద కూర్చుంది. గోడ దగ్గర్నుంచి కిటికీ వైపు రెండు అరచేతులూ ఆనించి తడుముకుంటూ పోయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది.

"ఇక్కడే కదరా... ఇక్కడి నుంచే కదా దాన్ని తీసుకెళ్లాను."

"దొరకదక్కా. అంత బాగా చేశాడు."

ఆమె పనితనం పరీక్షిస్తోందనుకున్నాడు ధర్మారావు. సంతోషంగా నా కవరు తీసుకుని మెట్లు దిగాడు. నేను చూసిన చివరి దృశ్యం అదే. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది.

ఇప్పుడు ఊరి చివర చెత్తగుట్టలో ఉన్నాను. వానకు తడిసి పోగు పోగుగా విడిపోతున్నాను. ఆ గదిలోకి ఎవరు అడుగుపెట్టినా, నేల అద్దంలా ఉందమ్మా అనే అంటారు.