ఒంటరినని రుజువు

"ఒంటరిగా ఉంటున్నానని మీరు చెబితే చాలదమ్మా, తెలిసినవాళ్ళు చెప్పాలి," అన్నాడు పెన్షన్ సెక్షన్ గుమస్తా, నా కాగితాలను మళ్ళీ నావైపే జరుపుతూ. నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదనీ, ఎవరితోనూ కలిసి ఉండటం లేదనీ నెలలోగా ఇద్దరు సంతకం చేయాలట. రక్తసంబంధీకులు పనికిరారట. నా ఇల్లు చూసినవాళ్ళే అయి ఉండాలట. నాకు నవ్వొచ్చింది. ఇంటికి ఇద్దరు మనుషులు వచ్చిపోతుంటే ఇక నేను ఒంటరిదాన్ని ఎలా అవుతాను? ఆ మాట పైకి అనలేదు. అవసరం నాది.

విడాకుల తీర్పులో నాకు దక్కింది ఇదొక్కటే. మా కాపురం సాగినన్నాళ్ళ సర్వీసుకు ఆయనకు వచ్చే పెన్షన్‌లో సగం. ఆయన ఈమధ్యే రిటైరయ్యాడు కాబట్టి అడగడానికి వచ్చాను. తీర్పు రోజు కోర్టు వరండాలో, "ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకుంది నేనైతే వాటా నీకా?" అన్నాడు. పక్కనే ఉన్న అత్తగారు, "వాడు నిద్ర మానుకుని సంపాదిస్తే నువ్వు నీడపట్టున కూర్చుని తిన్నావు," అని తనూ ఒక ముక్క కలిపింది.

ఆ నీడపట్టు ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆయనది బాయిలర్ దగ్గర షిఫ్టు పని. రాత్రి షిఫ్టు పడిన వారం పగలంతా పడుకునేవాడు. కుక్కర్ కూత వినబడకూడదని మామూలు గిన్నెలోనే వండేదాన్ని. దగ్గొస్తే స్నానాలగదిలోకి పోయి, తలుపు వేసుకుని దగ్గేదాన్ని. బయట గొళ్ళానికి తువ్వాలు కడితే లోపల మగమనిషి నిద్రపోతున్నాడని ఫ్యాక్టరీ క్వార్టర్లలో మా వరస ఆడవాళ్ళందరికీ గుర్తు, ఇక ఎవరూ బెల్ కొట్టరు. పక్క క్వార్టర్ అక్కా నేనూ పిట్టగోడ దగ్గర నిలబడి పెదవుల కదలికతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. ఆయన సాయంత్రం లేచి, తిని, యూనిఫాం ఇస్త్రీ బాగా లేదని విసుక్కుని వెళ్ళిపోయేవాడు. రాత్రి మాట్లాడటానికి మనిషి ఉండడు, పగలు మాట్లాడటానికి వీల్లేదు. అలాంటి ఒక మధ్యాహ్నమే నాకు కడుపు పోయింది. వంటింట్లో నేల మీద, నోట్లో గుడ్డ కుక్కుకుని పడి ఉన్నాను. ఆయన లేచి వచ్చి, "ఇంకా అన్నం పెట్టలేదేం?" అన్నాడు. సంగతి చెబితే, "లేపొచ్చుగా," అన్నాడు. అంతకుముందు లేపిన పాపానికి ఎన్ని పళ్ళాలు గోడకు తగిలాయో ఆయనకు గుర్తు లేదు.

ఈ పెన్షన్ రాకపోతే నేను అన్నయ్యవాళ్ళింటికి వెళ్ళాలి. బట్టల దుకాణంలో గుండీలు కుట్టినందుకు వచ్చేది గది అద్దెకు పోతే తిండికి మిగలదు. వదిన అప్పుడే ప్రేమగా పిలిచేసింది కూడా. "వచ్చేయ్, మొహమాటం దేనికి? మా పనమ్మాయి ఎటూ మానేసింది," అంది.

మొదటి సంతకం ఇంటి ఓనరమ్మ పెట్టింది. కింద వాటాలో ఉంటుంది కదా, "మెట్ల మీద నీ అడుగులే తప్ప ఇంకో మనిషి అడుగులు నేను విని ఎరగను," అంది. మంచి మాటే, నా పనికి పనికొచ్చే మాటే. అయినా మెట్లెక్కుతూ నా అడుగులు నేనే లెక్కపెట్టుకున్నాను.

రెండో సంతకానికి పక్క క్వార్టర్ అక్క దగ్గరికి వెళ్ళాను. తలుపు ఓరగా తీసింది, లోపలికి రమ్మనలేదు. "మా ఆయనా, అతనూ ఒకే షిఫ్టువాళ్ళు. నేను సంతకం పెట్టానని తెలిస్తే మా ఇంట్లో ఎలా ఉంటుందో నీకు తెలీదా?" అని గుసగుసగా అంది.

"కడుపు పోయిన రోజు నా బట్టలు ఉతికిపెట్టింది నువ్వే కదక్కా."

"అది వేరు, ఇది వేరు," అంటూ నేల చూపులు చూసింది. కోపం వస్తే బాగుండేది. ఏడుపొచ్చింది.

మళ్ళీ వెళితే గుమస్తా జాలిపడ్డాడు. "మీవారినే అడగండి... అదే, ఆయన్ని. విడాకులయ్యాక ఆయన మీకు చుట్టం కారు కదా. పెన్షన్ తగ్గేది ఆయనకే, ఆయనే సంతకం పెడితే ఇక అడ్డేముంది?" అన్నాడు.

సిగ్గు చంపుకుని ఫోన్ చేశాను. ఆశ్చర్యం, వెంటనే ఒప్పుకున్నాడు. "వస్తాలే. నీ గతేంటో నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?" అన్నాడు. ఇల్లు చూడాలి కాబట్టి వచ్చాడు, చూశాడు. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, చుట్టూ కలయజూసి, "దీనికేనా అంత గొడవ చేశావు?" అన్నాడు. నేను నిలబడే ఉన్నాను. సంతకం అయ్యేదాకా ఒక్క మాటా అనకూడదని నాకు నేను చెప్పుకున్నాను. ఈ ఒక్క పూట ఓర్చుకుంటే బతికినన్నాళ్ళూ నా తిండి నేను తింటాను.

ఆఫీసులో ఆయన పెన్ను తీసి, నావైపు చూసి చిన్నగా నవ్వాడు. గుమస్తా అడగవలసిన మాట అడిగాడు. "ఈవిడ ఒంటరిగా ఉంటున్నారని మీకు స్వయంగా తెలుసా?"

"తెలియకేం? నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

పెన్ను కాగితానికి తగలబోతుంటే నేను కాగితం లాగేసుకున్నాను. వదిన వంటిల్లు కళ్ళముందు ఆడింది, అయినా వదల్లేదు.

"గడువింకా ఉంది కదండీ. వేరే ఎవరినైనా వెతుక్కుంటాను," అన్నాను గుమస్తాతో.

"అదేంటమ్మా, ఈయనకు అంతా తెలుసంటున్నారుగా?"

"తెలియదండీ. ఈయనతో ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను ఒంటరిగానే ఉన్నాను. అప్పుడే ఈయనకు తెలియలేదు."