పొడుగు జేబు చొక్కా

భూకంపం వచ్చిన మూడో రోజు పోలీసులు దర్జీని బడికి పిలిపించారు. వందల ఏళ్ల నాటి కోటగోడ పాతపేట మీద విరుచుకుపడింది. శిథిలాల్లోంచి తీసిన శవాలను బడి వరండాలో వరసగా పడుకోబెట్టారు. ముఖాలు చూసి పోల్చుకునే స్థితి లేదు. పాతపేట నాలుగు వీధులకీ ముప్పై ఏళ్లుగా బట్టలు కుట్టేది ఆయనే.

దుప్పటి ఎత్తి, కాలరు తిప్పి చూసి చెబుతున్నాడు. "నా కుట్టే. పాలాయన పెద్ద కోడలు." "ఇదీ నాదే. చేతులు పొడుగైపోయాయని మొన్నే నాతో పోట్లాడాడు, గడియారాలు బాగుచేసే ఆయన."

ఇరవై ఆరో దుప్పటి దగ్గర రాతిపని మేస్త్రీ భార్య నిలబడి ఉంది. నీలం గీతల చొక్కా. పెన్సిలు పట్టేలా సన్నగా, పొడుగ్గా జేబు. అలాంటి జేబు దర్జీ తన జన్మలో ఒక్కడికే కుట్టాడు.

"అన్నా, ఇది నీ కుట్టు కాదు కదూ?"

ఆమె చొక్కా వంక చూడటం లేదు. ఆయన నోటి వంకే చూస్తోంది.

"కాదమ్మా" అనేశాడు.

పోలీసాయన 'గుర్తు తెలియదు' అని రాసుకున్నాడు.

ఆ తర్వాత మిషను తొక్కితే చాలు, సూది కింద ఏ గుడ్డ ఉన్నా నీలం గీతలే కనపడేవి. "జేబు ఇంకాస్త పొడుగుండాలి" అని ఎవరో వెనకనుంచి అన్నట్టుండేది. తిరిగి చూస్తే గుమ్మంలో దుమ్ము తప్ప ఎవరూ లేరు. మేస్త్రీ భార్య రోజూ వచ్చేది. "ఆస్పత్రుల్లోనూ లేడన్నా. అంటే ఎక్కడో ఉన్నట్టేగా?" ఆయన తల వంచుకుని కుట్టుకునేవాడు.

అసలు సంగతి తెలిసిన ఆయన భార్య, పక్కన కాజాలు కుడుతూ, తొమ్మిదో రోజు ఉండబట్టలేకపోయింది. "ఆ పిల్లని ఎన్నాళ్లు తిప్పుతావయ్యా? నోరు పడిపోయిందా?"

దర్జీ ఇళ్లు కూలినవాళ్ల గుడారాల దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఆరోజు నేను..."

"తెలుసన్నా." ఆమె దుప్పటి మడతపెడుతూనే ఉంది. "ఆ జేబు చిరిగితే మళ్లీ వేసింది నేనే. నీ కుట్టు మీద నా కుట్టుంది. నువ్వు అవునని చెప్పుంటే అక్కడే కూలబడేదాన్ని. కాదన్నావు, ఇన్నాళ్లు నడిచాను." దుప్పటి పక్కన పెట్టి లేచింది. "ఎక్కడ పెట్టారో చూపించు."

ఊరి చివర పొలంలో, ఎవరూ తీసుకెళ్లని వాళ్లని పూడ్చి, కర్రలు పాతి, సుద్దతో అంకెలు వేశారు. మొన్నటి వానకి అంకెలన్నీ కొట్టుకుపోయాయి. దర్జీ ఒక్కో కర్ర దగ్గరా వంగి చూశాడు. పదకొండు మట్టిదిబ్బలు. అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"నా మూలంగానే..." అన్నాడు ఆయన.

ఆమె దిబ్బల మధ్య కూర్చుంది. "నువ్వెళ్లన్నా. నేను కాసేపు ఉంటా."

ఆయన వెళ్లలేదు.