మాట వచ్చేదాకా

ఆ అమ్మాయికి వసపిట్ట అని పేరు పెట్టింది వాళ్ళ అమ్మమ్మ. మాటలొచ్చిన దగ్గర్నించీ నోటికి విశ్రాంతి లేదు. నిద్రలో కూడా ఎవరితోనో తగువు పడేది. బళ్ళో టీచర్లు చోటు మార్చి మార్చి విసిగిపోయి, చివరికి గోడ పక్కన ఒక్కదాన్నే కూర్చోబెడితే, గోడకి అటువైపు క్లాసువాళ్ళు వచ్చి ఫిర్యాదు చేశారు.

డిగ్రీలో సోషల్ వర్క్ చదువుతానన్నప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. నలుగురితో కలిసి మాట్లాడే చదువంటే ఈ పిల్ల కోసమే పుట్టిందనుకున్నారు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే నాన్న మాత్రం ఒక సందేహం బయటపెట్టాడు.

"ఒకరికి సాయం చెయ్యడానికి మూడేళ్ళు చదవాలా? మీ అమ్మమ్మ ఏ చదువూ లేకుండానే వీధి వీధంతటికీ చేస్తోందిగా."

"అమ్మమ్మ చేసేది సాయం కాదు నాన్నా, పెత్తనం," అంది వసపిట్ట.

పక్కగదిలో ఉన్న అమ్మమ్మ ఆ మాట వింది. ఆ పూట మనవరాలికి కంచంలో అన్నీ తక్కువగానే పడ్డాయి.

మొదటి రెండేళ్ళు ఆడుతూ పాడుతూ గడిచిపోయాయి. క్లాసులో ఒకరు కష్టంలో ఉన్న మనిషిగా, ఇంకొకరు సోషల్ వర్కర్‌గా నటించే పాఠాలుండేవి. అందులో వసపిట్టని కొట్టేవాళ్ళు లేరు. ఎదుటివాళ్ళు సగం చెప్పేలోపే మిగతా సగం తను అందుకుని, ఓదార్చి, దారి చూపించి, టైం మిగిల్చేది. క్లాసంతా చప్పట్లు కొట్టేది.

మూడో ఏడు ఫీల్డ్‌వర్క్‌కి పెద్దాసుపత్రిలో పక్షవాతం వార్డుకి వేశారు. అక్కడ సోషల్ వర్క్ గది అంటే మెట్ల కింద ఉన్న చిన్న గది. అందులో సగం విరిగిన చక్రాల కుర్చీలు, మిగతా సగంలో ఒక బల్ల, బల్ల వెనక మేడమ్. పాతికేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. గొంతు పెద్దగా లేవదు. చాలా సంగతులకి ఆమె జవాబు "ఊఁ" అనే ఒక్క అక్షరం. ఆ ఊఁ లో ఏది అవునో, ఏది చూద్దామో, ఏది చాల్లే అనో తెలుసుకోవడానికే వసపిట్టకి చాలా కాలం పట్టింది.

"డాక్టర్లు మందులిస్తారు, నర్సులు చూసుకుంటారు. మరి మన పనేంటి మేడమ్?" అని మొదట్లోనే అడిగింది.

"ఇక్కణ్ణించి ఇంటికెళ్ళాక ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు, ఎవరు లేపుతారు, మెట్లు ఎలా ఎక్కుతాడు, అసలు వెళ్ళాలని ఎక్కడికి ఉంది. అదీ మన పని," అంది మేడమ్. ఆమె అంత పొడుగు మాట చెప్పడం అరుదు.

వసపిట్ట చేతికి వచ్చిన మొదటి కేసు డ్రైవింగ్ మాస్టారిది. ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషి. ఒకరోజు పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ పక్కకి ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. దాంతోపాటే మాట కూడా పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అర్థమవుతుంది, మనసులో చెప్పాలనుకున్నదీ ఉంటుంది, కానీ పెదాల దాకా వచ్చేసరికి మాట జారిపోతుంది. ఎంత కూడదీసుకున్నా మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. కాళ్ళూ చేతులూ కాస్త కుదుటపడ్డాక, ఇంక ఇంటికి పంపొచ్చు అన్నారు డాక్టర్లు. ఏ ఇంటికి అన్నదగ్గర వచ్చింది పేచీ.

మాస్టారి భార్య కళ్ళద్దాల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అద్దాలు అరగదీసే దగ్గర మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కష్టపడితే, ఈమధ్యనే షిఫ్టు సూపర్‌వైజర్‌ని చేశారు. వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆమె ఉద్యోగం మానేసి మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని చూసుకుంటానంటుంది. మాస్టారి అక్కది కింద వాటా, ఆసుపత్రికి దగ్గర, ఇంట్లో మనుషులున్నారు. తమ్ముణ్ణి తన దగ్గరికి పంపమంటుంది. మంచానికి ఇటు భార్య, అటు అక్క. మధ్యలో మాస్టారు తల ఇటూ అటూ తిప్పుతూ ఉండేవాడు.

"మూడంతస్తులు వాణ్ణి భుజాన మోస్తావా అమ్మాయ్?" అనేది అక్క.

"నా మొగుణ్ణి నేను ఎలా ఎక్కించుకోవాలో నాకు తెలుసు వదినా."

వసపిట్ట ఉత్సాహంగా రంగంలోకి దిగింది. వార్డులో ఒక మూల మేడమ్ కుర్చీ వేసుకుని చూస్తుండగా మాస్టారి ఎదురుగా కూర్చుంది.

"నమస్కారం మాస్టారూ. నేను సోషల్ వర్క్ స్టూడెంట్‌ని. ఎలా ఉన్నారు? రాత్రి నిద్ర పట్టిందా? ఈ దిండు ఎత్తుగా ఉన్నట్టుంది, మార్పిస్తాను. ఇంటికెళ్ళే విషయం మాట్లాడదామా? మీకెక్కడ ఉండాలనుంది?"

మాస్టారు కళ్ళు ఆమె మీద నిలిపాడు. పెదాలు బిగించాడు. "ప... ప..." అన్నాడు.

"పైకా? మీ ఇల్లు పైన మూడో అంతస్తులో కదా, పైకి వెళ్తానంటున్నారా? మీ ఆవిడ దగ్గరికి? నాకు తెలుసు మాస్టారూ, ఎవరికైనా సొంత ఇంటికి మించిందేముంటుంది!"

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. వసపిట్ట దాన్ని అవునని లెక్క వేసుకుంది. బయటికొచ్చి భార్యకి శుభవార్త చెప్పింది. భార్య వెళ్ళి వదినకి చెప్పింది. వరండాలో పెద్ద రభసే అయింది. "నోరు లేని వాడితో మీకు కావలసింది చెప్పించుకున్నారు," అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని, తెచ్చిన పళ్ళు అక్కడే బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

మెట్ల కింద గదికొచ్చాక మేడమ్ అడిగింది. "మాస్టారేమన్నాడు?"

"ఇంటికెళ్తానన్నారు మేడమ్."

"ఆ మాట ఎవరి నోట్లోంచి వచ్చింది?"

వసపిట్ట జవాబు చెప్పబోయింది. లోపల వెతుక్కుంటే మాస్టారు అన్నది "ప" ఒక్కటే. మిగతాదంతా తనదే. మేడమ్ కోప్పడలేదు. చక్రాల కుర్చీ ఒకటి దగ్గరికి లాగి కూర్చోమంది.

"ఖాళీ కనపడితే నింపెయ్యడం మంచి మనుషులకి ఉండే అలవాటే," అంది. "కానీ ఆ ఖాళీ ఆయనది. మాటకి ఆయనకి టైం పడుతుంది. నువ్వు ఆగు. ఆగడం కష్టంగా ఉంటుంది, అయినా ఆగు."

"ఎంతసేపు మేడమ్?"

"మాట వచ్చేదాకా."

ఆ సాయంత్రం అన్నాల దగ్గర వసపిట్ట ఆగడం సాధన చేసింది. అమ్మ ఏదో అడిగితే తలూపింది. నాన్న అడిగితే ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది. కాసేపటికి అమ్మ లేచి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

"ఎవరితోనైనా పోట్లాడావా?"

వసపిట్ట లేదని తలాడించింది. గదిలో గరిటెల చప్పుడు తప్ప ఏమీ లేదు. అలా కొంతసేపు గడిచాక, ఎవరూ అడక్కుండానే, నాన్న నెమ్మదిగా అన్నాడు. "నా మోకాలు నొప్పిగా ఉంటోంది. బస్సు కిందికి దూరి లేవాలంటే ప్రాణం పోతోంది."

"ఎప్పట్నించి?" అంది అమ్మ.

"చాలా నెలలైంది."

"మరి చెప్పలేదేం?"

"ఈ ఇంట్లో సందు దొరికితేగా," అన్నాడు నాన్న. అమ్మమ్మకి నవ్వాగలేదు. తర్వాత అమ్మకి, ఆఖరికి నాన్నకి కూడా. మర్నాడే ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు.

ఆసుపత్రిలో వసపిట్ట మొదట మాట నేర్పే థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళింది. ఒకసారికి ఒకటే అడగాలి, అవునంటే ఎడమచేతి బొటనవేలు పైకి, కాదంటే కిందికి, తెలీకపోతే అడ్డంగా పెట్టించాలి అని ఆమె చెప్పింది. తర్వాత మాస్టారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"మొన్న మీ మాట నేను పూర్తిగా వినలేదు మాస్టారూ. నేనే చెప్పేశాను. క్షమించండి," అంది. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. నోటిని ఆపడానికి చేతుల్ని పట్టుకోవడం ఏమిటో ఆమెకే తెలీదు గానీ, అలా చేస్తే కొంచెం సాయంగా ఉన్నట్టు అనిపించింది.

మాస్టారు ఆమెని చాలాసేపు చూశాడు. ఎడమ బొటనవేలు పైకి లేచింది.

"మీ ఇంటికి వెళ్ళాలనుందా?"

ఆగింది. వేలు అడ్డంగా తిరిగింది.

"అక్కగారింటికి?"

మళ్ళీ అడ్డంగానే. కానీ మాస్టారు చూపు తలుపు వైపు వెళ్ళింది. ఆ టైంకి షిఫ్టు అయ్యాక భార్య వస్తుంది. చెప్పాల్సింది ఇంకేదో ఉంది, అది ఈ రెండు ప్రశ్నల్లో ఇమడట్లేదు అని వసపిట్టకి తోచింది. నాలుక చివరిదాకా వచ్చిన ఊహలన్నిటినీ మింగేసి, ఆ సంగతే మేడమ్‌కి చెప్పింది. మేడమ్ ఊఁ అంది. ఈసారిది మంచి ఊఁ.

డిశ్చార్జికి ముందు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టారు. మాస్టారిని చక్రాల కుర్చీలో కిటికీ పక్కకి తెచ్చారు. భార్య ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చింది, మెళ్ళో గుర్తింపు కార్డు కూడా తియ్యలేదు. రేపే రాజీనామా ఇచ్చేస్తున్నానని వస్తూనే చెప్పింది. అక్క ఆమెకి దూరంగా కుర్చీ వేసుకుంది.

"మాస్టారూ," అంది వసపిట్ట, "ఇక్కణ్ణించి వెళ్ళాక మీకు అన్నిటికన్నా ముఖ్యమైనదేంటో చెప్పండి. తొందరేం లేదు."

మాస్టారు పెదాలు కదిలాయి. "ప..." అని ఆగిపోయింది. అక్క ఏదో అనబోతే మేడమ్ చెయ్యి చూపించి ఆపింది. బయట మందుల బండి చక్రం కిర్రుమంటూ వచ్చి, గుమ్మం దాటి, వరండా చివరిదాకా వెళ్ళిపోయింది. మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. వసపిట్ట గోళ్ళు అరచేతుల్లో దిగబడుతున్నాయి.

"ప... పని," అన్నాడు మాస్టారు.

జబ్బు చేశాక ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి నిండు మాట అది.

"ఇంకా పనేంటిరా నాయనా," అంది అక్క. "కార్లు నేర్పడానికి ఇప్పుడు తొందరేమొచ్చింది?"

మాస్టారు తల అడ్డంగా తిప్పాడు. ఎడమచెయ్యి ఎత్తి, వేలితో భార్య మెళ్ళో కార్డుని చూపించాడు. "నీ," అన్నాడు. మళ్ళీ ఊపిరి తీసుకుని, "నీ... పని."

భార్యకి ఒక క్షణం అర్థం కాలేదు. "నా పనా? నా ఉద్యోగమా?"

బొటనవేలు పైకి లేచింది.

"మానొద్దంటావా?"

వేలు అలాగే ఉంది.

"మరి నిన్నెవరు చూస్తారు?"

మాస్టారు మెడ తిప్పి అక్క వైపు చూశాడు. ఇన్నాళ్ళూ తమ్ముడి కోసం పోట్లాడిన మనిషి, గెలిచాక ఏం చెయ్యాలో తోచక కుర్చీ అంచున బిగుసుకుని కూర్చుంది. తర్వాత ఆ కుర్చీని చప్పుడు చేసుకుంటూ మరదలి పక్కకి జరుపుకుంది.

"అమ్మాయ్, నువ్వు షిఫ్టు అవగానే మా ఇంటికే రా. అక్కడే తిని, అక్కడే పడుకో. వాడికి మెట్లెక్కే సత్తువ వచ్చాక ఇద్దరూ కలిసి మీ ఇంటికి వెళ్దురుగాని. ఈ ముక్కకి మనం ఇన్ని అరుపులు అరుచుకున్నామా?"

భార్య అక్కడ ఏడవలేదు. వరండాలోకి వచ్చాక ఏడ్చింది. వసపిట్ట వెనకాలే వెళ్ళి పక్కన కూర్చుంది. నోటికి చాలా మాటలొచ్చాయి, ఒక్కటీ అనలేదు. మంచినీళ్ళ గ్లాసు అందించి ఊరుకుంది.

"నాకు మానాలని లేదు," అంది భార్య కాసేపటికి. "ఆ సూపర్‌వైజర్ కుర్చీ కోసం ఎంత కాలం చూశానో ఆయనకే తెలుసు. కానీ మొగుడు అలా పడుంటే నేను ఉద్యోగం అంటే మనుషులేమనుకుంటారు? నాకు నేనే సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆయనకి ఎలా తెలిసిందంటావ్?"

వసపిట్ట అప్పుడూ ఏమీ అనలేదు. తెలీదు కాబట్టి.

ఫీల్డ్‌వర్క్ ముగిసే ముందు మేడమ్ తన అభిప్రాయం కాలేజీకి పంపాలి. పంపేముందు చదివి వినిపించింది. వినడం బాగా నేర్చుకుంది, వార్డులో ఉన్నంతసేపూ ఓపిగ్గా ఉంటుంది, క్యాంటీన్‌లో మాత్రం ఏమీ మార్పు లేదు అని ఉంది. మేడమ్ హాస్యమాడుతుందని వసపిట్టకి ఆ రోజే తెలిసింది.

కేసు మూసే ముందు ఒకసారి ఇల్లు చూసి రావడం పద్ధతి. వసపిట్ట సాయంత్రం అక్కగారింటికి వెళ్ళింది. కింద వాటా ముందుగదిలో మంచం, మంచానికి పట్టుకుని లేవడానికి ఇనప కడ్డీ, గోడ వెంబడి నడిచేందుకు అడ్డంలేని దారి. మాస్టారు నాలుగుకాళ్ళ కర్ర పట్టుకుని గుమ్మం దాకా ఎదురొచ్చాడు. ఆయన బావ పేపరు చదువుతున్నట్టు నటిస్తూ, దొంగచాటుగా ఒక చెయ్యి వెనక కాపు పెట్టి నడిచాడు. ఇప్పుడు మాస్టారికి కొన్ని మాటలు వస్తున్నాయి. చాలావరకు వద్దు, చాలు, ఇంకా అనేవే. అవి మూడూ అక్క పెట్టే తిండి గురించేనని బావ చెప్పాడు.

మాట్లాడుతుండగానే భార్య వచ్చింది. చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మొగుడి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుంది. మధ్యాహ్నం పెద్ద మిషను బెల్టు తెగిందట. కొత్తగా చేరిన అమ్మాయి భయపడి అన్ని మిషన్లూ ఆపేసిందట. పైవాళ్ళు అరవబోతే తను అడ్డం వెళ్ళి, భయపడి ఆపినా మంచిపనే చేసింది, ఎవరి వేలూ పోలేదు అందట. మాస్టారు రెప్ప వెయ్యకుండా వింటున్నాడు. అక్క వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"తర్వాత ఏమందా అమ్మాయి?" అని అడిగింది.

వసపిట్ట సంచీ భుజాన వేసుకుని లేచింది. వెళ్ళొస్తానని చెప్తే కథ మధ్యలో ఆగిపోతుందని, మాస్టారికి మాత్రం చేత్తో సైగ చేసి, బావ తలుపు తీస్తే బయటికి నడిచింది. బస్సు రావడానికి ఇంకా చాలా టైం ఉంది. స్టాపులో ఒక పెద్దావిడ కూరగాయల సంచీతో బెంచీ మీద కూర్చుని ఉంది. వసపిట్ట పక్కన కూర్చుని, "ఎక్కడిదాకా పిన్నిగారూ?" అని పలకరించింది.