నిలవని ముసుగు

జంషెడ్‌పూర్ బర్మామైన్స్‌లోని తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన తొమ్మిదింటికి. చెప్పులు బయట, మగవాళ్ళు ఎడమవైపు చాపల మీద, ఆడవాళ్ళు కుడివైపు, తలల మీద చెంగులు. ఆ చెంగుల సంగతి అందరికీ తెలిసిందే. మనసులో కోపం పెట్టుకుని మోకరిస్తే ముసుగు నిలవదు, జారిపోతుంది. పిన్నీసు పెట్టినా అంతే. జారిన మనిషి ఆ నెల ప్రభువు బల్లలో చెయ్యి వేయదు. ఇంటికి పోయి, గొడవ తీర్చుకుని, రొట్టె, ద్రాక్షరసం పై నెల తీసుకుంటుంది. మగవాళ్ళకి ముసుగుల్లేవు కనక వాళ్ళ కోపాలు దేవుడికే ఎరుక.

సువర్ణకుమారి ముసుగు ఏడాదిగా నిలవడం లేదు.

కిందటేడు, అంటే ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, కొడుక్కి జ్వరం ముదిరితే ఆసుపత్రికి తీసుకుపోతానంది. ఆడపడుచు ఆనందకుమారి అడ్డుపడింది. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా ప్రార్థనకి పిలిచేది ఆమెనే.

"సూదిమందు మీద నమ్మకం పెట్టుకుంటే దేవుడి మీద లేనట్టేనే," అని పిల్లాడి నుదుటి మీద చెయ్యేసి రెండు రోజులు కదలకుండా కూర్చుంది. పిల్లాడు పోయాడు. అప్పట్నించి సువర్ణ వదినతో మాట్లాడలేదు. క్షమించమని అందరూ చెప్పేవాళ్ళే. చెప్పడానికేం, పోయింది వాళ్ళ పిల్లాడు కాదుగా.

ఈ ఆదివారం కూతురు రత్నానికి ఒళ్ళు కాలిపోతోంది. మొగుడు పౌల్‌రాజు డ్యూటీకి పోతూ, "ముందు అక్క సేత ప్రార్థన సేయించు. తగ్గకపోతే నానొచ్చాక సూద్దాం," అన్నాడు. అతన్ని కాదని ఆసుపత్రికి పోయే ధైర్యం సువర్ణకి చాలలేదు. తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది.

పాటలయ్యాక పిల్లని ఎత్తుకుని ముందుకు పోయి మోకరించింది.

"అమ్మా, ఠండ్ లగ్ రహీ హై," అంది రత్నం చలికి వణుకుతూ.

ఆనందకుమారి ఎదురుగా మోకరించి, పిల్ల నుదుటి మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డని ముట్టు తండ్రీ," అని మొదలుపెట్టింది. ముసుగు జారింది.

ఆమె ముసుగు జారడం ఎవ్వరూ ఎప్పుడూ చూడలేదు. పైకి లాక్కుంది. మళ్ళీ జారింది.

"ఏటే ఆనందా, నీకెవరి మీదే కోపం?" అని వెనక చాప మీంచి పెద్దావిడ కస్తూరమ్మ అడిగింది, ముసుగు జారిన అందరినీ అడిగినట్టే.

ఆనందకుమారి పిల్ల నుదుటి మీంచి చెయ్యి తియ్యలేదు. ఆ వేడి ఆ చేతికి తెలుసు.

"నా మీదేనమ్మా," అంది. "ఆడ్ని నానే సంపేసినాను."

పాస్టరు అయ్యగారు రొట్టెల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"లెగు సువర్ణా, ఆస్పత్రికి పోదాం. తమ్ముడికి నాను సెప్పుకుంటాను."

చెప్పులైనా వేసుకోకుండా ఇద్దరూ బయటికి పరిగెత్తారు. "జల్దీ చలో భయ్యా," అని ఆనందకుమారి రిక్షావాడిని తొందరపెట్టింది. సువర్ణ ఒడిలో రత్నం కళ్ళు తేలేస్తోంది. ఆనందకుమారి పిల్ల అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. ప్రార్థన చెయ్యడానికి ఆమెకి నోరు రావడం లేదు. ఏ మొహంతో చేస్తుంది?

ఏడాది తర్వాత సువర్ణ మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

"ఇప్పుడు సెయ్యి వొదినా, ప్రార్థన. బండి మాత్రం ఆపనివ్వను."

బండి ఆగలేదు. పిల్ల బతికింది.