ఛాయా మేడం కార్పొరేట్ లుక్

అరవై దాటినా ఛాయాదేవికి అద్దంతో ఏ పేచీ లేదు. పేచీ పెట్టినవాడు తారక్.

తారక్ అంటే అమీర్‌పేటలో ఆమె ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న కోచింగ్ సెంటర్ యజమాని. తండ్రి కనకయ్య మోకాళ్ల నొప్పులతో ఇంట్లో కూర్చున్నాక కుర్చీ ఎక్కాడు. ఊళ్ల నుంచి సాఫ్ట్‌వేర్ నేర్చుకుందామని వచ్చి, హాస్టల్ గదుల్లో ఇరుక్కుని పడుకునే పిల్లలకి ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పడం ఆవిడ పని. ఇప్పుడు తారక్ ఆ క్లాసు ఎత్తేసి వీడియోలు తీద్దామనుకున్నాడు. ఒక్క మనిషి చెబితే ఊరూరా ఫోన్లలో చూస్తారు. ఆ ఒక్క మనిషి ఎవరన్నదే తేలాలి.

"చీర నడవది మేడం. నాయిన టైంల నడిచింది. ఇప్పుడు జర కార్పొరేట్ లుక్ కావాలె. గురువారం టెస్ట్ షూట్ పెడుతున్న. మీరు చెయ్యండి, దివ్యశ్రీ సుత చేస్తది. ఎవరు మంచిగ కనిపిస్తే వాళ్లతోటి పోదాం," అన్నాడు.

మంచిగా చెబితే అనలేదు, మంచిగా కనిపిస్తే అన్నాడు. ఛాయాదేవి ఆ తేడాని పట్టించుకోలేదు. దివ్యశ్రీ ఆమె శిష్యురాలే. సిద్దిపేట వైపు నుంచి వచ్చి, నోరు విప్పడానికే భయపడుతూ ముందు బెంచీలో కూర్చున్న పిల్ల. ఆ పిల్ల యాసని ఛాయాదేవి క్లాసందరి ముందూ అనుకరించి నవ్వించిన రోజులున్నాయి. అలాంటి పిల్ల తనకి పోటీ ఏమిటి అని ఆవిడ ధీమా.

ధీమా ఉన్నా భయం లేకపోలేదు. క్లాసు ఎలాగూ పోతోంది. వీడియో కూడా పోతే పంజాగుట్ట ఫ్లాట్‌లో పొద్దస్తమానం జోగారావు గారి భార్యగా బతకాలి. జోగారావు చెడ్డవాడేం కాదు. వంటింట్లోంచి ఆవిడ గాజుల చప్పుడు వినపడుతుంటే చాలు, ఆయనకి ఇంకేమీ అక్కర్లేదు. బయట ఒక్కచోటైనా "మేడం" అని పిలిపించుకోకపోతే తను పిచ్చిదాన్నైపోతానని ఛాయాదేవికి తెలుసు.

అమీర్‌పేటలోనే ఒక బట్టల షాపులోకి వెళ్లి ఆఫీసు బట్టలు చూపించమంది. కౌంటర్లో పిల్ల, "అమ్మాయి సైజెంత ఆంటీ?" అని అడిగింది. నాకే అనడానికి ఛాయాదేవికి నోరు రాలేదు. మీడియం అని ఏదో చెప్పి, రెండు నిమిషాలు అవీ ఇవీ తిప్పి చూసి బయటపడింది.

అప్పుడు ఫోన్లో కనిపించింది ఆ కంపెనీ. ఫోటో, కొలతలు పంపితే స్టైలిస్ట్ మనకి నప్పే బట్టలు అయిదు ఏరి, పెట్టెలో సర్ది ఇంటికి పంపుతుంది. నచ్చినవి ఉంచుకోవచ్చు, నచ్చనివి వెనక్కి పంపొచ్చు. షాపులో పిల్ల మొహం చూడనక్కర్లేదు. ఛాయాదేవి ఎగిరి గంతేసినంత పని చేసింది.

చీర లేకుండా నిలువెత్తు ఫోటో పంపమన్నారు. చీర కాక ఆవిడ దగ్గరున్నది నైటీ ఒక్కటే. నైటీ మీద తువ్వాలు కప్పుకుని, జోగారావు చేత తీయించుకుని పంపింది. సాయంత్రానికి వనిత అనే స్టైలిస్ట్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"హాయ్ ఛాయా. నేను మీ వనితని. చేతులు కొంచెం లావు, సో కప్పేద్దాం. మెడ ముడతలున్నాయి, కాలర్ వేద్దాం. నడుము గురించి అసలు మాట్లాడుకోవద్దు, వదులుగా వదిలేద్దాం. మిగతాదంతా బావున్నారు."

మిగతాదంటే ఏం మిగిలిందో ఛాయాదేవి ఆలోచించలేదు. తల్లి పోయాక తనని "ఛాయా" అని పిలిచినవాళ్లు లేరు. గారూ, మేడమూ, ఆంటీ లేని ఆ పిలుపు కోసం ఆ మెసేజ్‌ని మళ్లీ మళ్లీ పెట్టుకుని వింది. కూతురి వయసు కూడా లేని పిల్ల ముఖమ్మీదే తిట్టినా ఆవిడకి ముద్దుగానే వినిపించింది.

పెట్టె మంగళవారం వచ్చింది. మంగళవారం కొత్తబట్ట ముట్టే అలవాటు లేదు కాబట్టి అలాగే పక్కన పెట్టింది. బుధవారం తలంటుకుని, దేవుడి అలమర ముందు కూర్చుని, పెట్టె విప్పి, పసుపు తడిపి అయిదింటికీ ఒక్కో బొట్టు పెట్టింది. చొక్కాలకి కాలర్ల కొసన, కోటుకి, గౌనుకి లోపలి అంచున, ప్యాంటుకి నడుము పట్టీ మీద. బుద్ధెరిగిన నాటి నుంచి పసుపు పెట్టకుండా ఆవిడ ఒంటి మీదకి ఏ కొత్తబట్టా వెళ్లలేదు. ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యి దానంతటదే చేసుకుపోయింది.

తర్వాత ఒక్కొక్కటే తొడిగింది. కోటు మోచేతుల దగ్గరే ఆగిపోయింది. పూల గౌను వేసుకుంటే సోఫాకి కవరు తొడిగినట్టుంది. ఆకుపచ్చ చొక్కా బొత్తాలు ఛాతీ దగ్గర పట్టలేదు. బూడిద రంగు ప్యాంటు ఒక్కటే ఫరవాలేదు. మీగడ రంగు చొక్కా పడుతుంది కానీ లోపలిదంతా కనపడేంత పల్చన. ఆ రెండూ వేసుకుని హాల్లోకి వచ్చింది. జోగారావు పేపరు దించి చూశాడు.

"పంజాగుట్టకి ఒకటి ఇవ్వమ్మా," అని కండక్టర్‌ని అడిగినట్టు చెయ్యి చాపి, తన హాస్యానికి తనే నవ్వుకుని మళ్లీ పేపరు ఎత్తాడు.

ఛాయాదేవి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వనితకి మెసేజ్ పెట్టింది: అమ్మా, ఇవి మార్చి కాస్త పెద్దవి, కాస్త మందంగా ఉన్నవి ఇవాళే పంపగలవా, రేపే నా షూటింగు. బట్టల ఫోటోలు పెట్టమని జవాబొచ్చింది. పెట్టింది.

"ఇదేంటి ఛాయా, అన్నిటి మీదా పచ్చగా?"

"పసుపమ్మా. కొత్తబట్టలు కదా."

"అయ్యో. మా అమ్మమ్మ కూడా అంతే. సో క్యూట్. కానీ మరక పడితే వెనక్కి తీసుకోం. అయిదూ మీరు ఉంచుకున్నట్టే."

ఛాయాదేవి బతిమాలింది. ఒక్క కోటు మార్చినా చాలంది. ఆ తర్వాత వచ్చిన జవాబు "డియర్ కస్టమర్" అని మొదలైంది. ఛాయ అన్న పేరు అందులో ఎక్కడా లేదు. దానికే ఆవిడకి ఏడుపొచ్చింది, బట్టలకి కాదు.

కళ్లు తుడుచుకుని, ఉన్నదాన్నే సరిచేసుకుందామని మీగడ రంగు చొక్కా కాలర్‌ని సబ్బు పెట్టి రుద్దింది. పసుపు మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని ఏ ఇల్లాలికైనా తెలుసు. ఆవిడకీ తెలుసు, ఆ గాభరాలో తట్టలేదు. బొట్టంత మరక ఎర్రగా మారి, నీళ్లతో పాటు ఛాతీ మీదికి జారింది. ఎంత రుద్దితే అంత పాకింది. ఎర్రదనం తగ్గి చివరికి కూర ఒలికించుకున్న రంగుకొచ్చి నిలిచింది.

గురువారం ఆ చొక్కా, ఆ ప్యాంటు వేసుకుని, పైన కూతురు ఎప్పుడో వదిలేసిన చున్నీ కప్పి నాలుగు పిన్నులు గుచ్చుకుని బయల్దేరింది. లిఫ్టులో పక్క ఫ్లాట్ ఆవిడ కింది నుంచి పైదాకా చూసి మొహం ఫోన్లోకి తిప్పుకుంది. ఏదో ఒకటి అన్నా బావుండేదనిపించింది.

క్లాసురూమ్‌లో బెంచీలు గోడకి నెట్టి లైట్లు పెట్టారు. దివ్యశ్రీ టెస్ట్ అయిపోయింది. నల్లకోటులో ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆఫీసులోనే ఉన్నట్టుంది. ఛాయాదేవి కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది.

కెమెరామన్ సురేందర్ ఆవిడ దగ్గరికొచ్చాడు. "అమ్మా, గా చున్నీ తియ్యండి. మైకు పెట్టాలె."

"ఉండనీ బాబూ. పైన పెట్టకూడదూ?"

"పెడితే గరగర సౌండొస్తది."

పదమూడో ఏట నుంచి పైట లేకుండా నలుగురి ముందు నిలబడని మనిషి, పిన్నులు ఒక్కొక్కటే తీసింది. లైట్ల వెలుతురు మరక మీద పడింది. సురేందర్ వంగి చూశాడు.

"కూర పడ్డదా అమ్మా?"

"పసుపు," అంది ఛాయాదేవి. "కొత్తబట్టలకి పెట్టాను. ఉతికితే పాకింది." మతిలేని ముసలివాళ్లు చెప్పే సాకులాగే ఉందని ఆవిడ చెవులకే అనిపించింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అయినా పాఠం మొదలుపెట్టింది. మీరు నోరు విప్పకముందే మీ బట్టలు మీ గురించి చెప్పేస్తాయి అన్నది ఆవిడ మొదటి వాక్యం. ఇరవై ఏళ్లుగా అదే. గదిలో అందరి కళ్లూ మరక మీదే ఉన్నాయి. రెండో వాక్యం మర్చిపోయింది.

తారక్ చెయ్యెత్తి ఆపాడు. కోప్పడతాడనుకుంది. వాడి మొహం వెలిగిపోతోంది.

"మస్తు ఐడియా వచ్చింది మేడం. ఇంటర్వ్యూకి ఎట్ల రావొద్దో సుత చూపించాలె గదా. దివ్యశ్రీ చెప్తది, పక్కకి మీరు కూసుంటరు. యాక్టర్లని పెడితే నకిలీ అనిపిస్తది. మీరైతే..." అని, మిగతా మాట మింగేశాడు.

"వద్దు సార్," అంది దివ్యశ్రీ. "మేడంని గట్ల చూపిస్తే బాగుండదు."

"ఏం బాగుండదు? లేకుంటే మేడంకి వేరే పనేముంది మన దగ్గర? గిట్లైతే ప్రతి వీడియోల ఉంటరు."

అందరూ ఆవిడ వైపు చూశారు. లేచి వెళ్లిపోవచ్చు. మెట్లు దిగితే మెట్రో, మెట్రో దిగితే ఇల్లు, ఇంట్లో ఆ హాలు, ఆ పేపరు. ఛాయాదేవి కుర్చీలో సర్దుకుంది.

"సరే. ఏం చెయ్యమంటారో చెప్పండి," అంది.

"ఏమనుకోకండి మేడం," అని దివ్యశ్రీ చెవిలో గొణిగింది. కెమెరా తిరిగాక మాత్రం ఆ పిల్ల తడబడలేదు. చక్కటి ఇంగ్లీషులో, పెన్ను కొసతో ముందు మరకని, తర్వాత వదులు ప్యాంటుని, చివరికి ఒడిలో బిగుసుకున్న ఆవిడ చేతుల్ని చూపించింది. ఏ మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ నవ్వాలో అంతా ఛాయాదేవి నేర్పినట్టే చేసింది. యాస ఎక్కడా తొంగిచూడలేదు. ఈ పిల్ల నా కంటే బాగా చెబుతోందని ఛాయాదేవికి తెలిసిపోయింది. మరక కంటే అదే ఎక్కువ కాల్చింది.

"అమ్మా, గట్ల టీచర్ లెక్క చూడకండి," అన్నాడు సురేందర్. "ఏం తెల్వనట్టు కూసోండి."

ఆవిడ భుజాలు వదిలేసి, నేల చూపులు చూసింది.

"ఇంకో టేక్ తీద్దామా?" అన్నాడు తారక్.

"అక్కర లేదన్నా. అమ్మ మస్తు నాచురల్‌గ చేసిండ్రు."

లైట్లు ఆర్పారు. ఛాయాదేవి చున్నీ కోసం వెతుక్కుని, కప్పుకుని, తలుపు దగ్గర ఆగింది.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు తారక్ గారూ?"

"ఎప్పుడొచ్చినా సరే మేడం," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. "గా షర్టు మాత్రం ఉతకకండి. అన్ని వీడియోల్ల ఒక్కతీర్గ ఉండాలె."