కొండ రైల్లో అవసరం

కుప్పుస్వామికి అరవై మూడేండ్లు. అరవ ఊరు ముదలియార్‌పేటలో లేత్ షెడ్డు. ఇనుప చక్రాలకు రంపానికి ఉన్నట్టు పండ్లు కోయడం ఆయన పని. నలభై ఏండ్లు మిషను హోరులో నిలబడినవాడు కాబట్టి మాటలు పొదుపు. ఏ రోజైనా వరసగా నాలుగు మాటలు మాట్లాడితే కూతురు కవిప్రియ వచ్చి జ్వరమేమోనని నుదురు పట్టి చూసేది.

భార్య పోయి తొమ్మిదేండ్లు. పోయిన ఏడు వేలిలో ఇనుప రజను దిగబడితే ఆస్పత్రికి పోయినాడు. కట్టు కట్టింది నర్సు వెంకటరమణమ్మ. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తమ్ముళ్ళ చదువులు, వాళ్ళ పెళ్ళిళ్ళు చూసుకుంటూ తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. కట్టు కట్టినంతసేపూ ఆమె మాట్లాడేది, ఈయన వినేవాడు. వేలు వారానికే మానింది. కట్టు మాత్రం నెలన్నర సాగింది. ఒకరోజు కవిప్రియ అనుమానం వచ్చి గుడ్డ విప్పి చూసింది.

"ఏంది నాయనా, ఈ వేలు నా వేలికన్నా బాగుందే" అనింది.

ఆయన గుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు.

అక్కడ మొదలైంది. వెంకటరమణమ్మ ఉద్యోగం నుంచి దిగిపోయి రెడ్డియార్‌పాళయంలో ఇల్లు తీసుకునేసరికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. తెలియనట్టు తిరిగేది వాళ్ళిద్దరే. కవిప్రియకు ఓపిక పోయింది. ఆ యమ్మను కూడా కలుపుకొని ఊటీ కొండ రైలుకు మూడు టికెట్లు తీసింది. ఆ రైల్లో ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి పోయే దారి ఉండదు, ఎదురెదురు బల్లలు, కొండ ఎక్కేసరికి ఇద్దరూ అవునో కాదో తేల్చుకోవాల్సిందేనని తండ్రికి చెప్పేసింది.

మేట్టుపాళయంలో పొద్దున్నే ఎక్కినారు. ఇంజిను వెనక ఉండి తోస్తుంది, పెట్టెలు ముందు పోతాయి. కల్లారు దాకా వక్క తోటల నడుమ మామూలు రైలే. అది దాటినాక కాళ్ళ కింద ఏదో తగులుకున్నట్టు చిన్న కుదుపు. కుప్పుస్వామి చెప్పులు విప్పి పాదాలు నేలకానించినాడు. రైలు జారకుండా పట్టాల నడుమ ఇంకో పండ్ల పట్టా ఉంది, ఇంజిను చక్రం పండ్లు దాని పండ్లలో పడి ఒక్కొక్కటే ఎక్కుతా ఉన్నాయి. ఎవరో మంచి పనివాడు కోసిన పండ్లు. ఆయన మొహం చూసి వెంకటరమణమ్మ నవ్వింది. ఒక పక్క లోయ, ఇంకో పక్క చేయి చాపితే తగిలే బండ, బండ మీద నీటి జాలు. ఆమె పూతరేకుల పెట్టె తెరిచి ఆయనకొకటి ఇచ్చి, కొంగు సవరించుకుని, నేరుగా అడిగేసింది.

"కుప్పుస్వామి గారూ, మా తమ్ముడు ఫోన్ చేశాడండి. శ్రావణంలో రిజిస్ట్రారు ఆఫీసులో కానిచ్చేద్దామా అని. మీరేమంటారు?"

కుప్పుస్వామి గుండె లేత్ మాదిరి తిరిగింది. కానీ పెద్దమనిషి. ఆమె ఇల్లు ఖాళీ చేయాల, యానాంలో అందరికీ చెప్పుకోవాల, తన కోసరం ఆమెను ఉరుకులు పెట్టించకూడదు అనుకున్నాడు. నాలుగు తరాలుగా ముదలియార్‌పేటలో ఉండే తెలుగు ఇండ్లలో తొందరను అవసరం అంటారు. అరవంలో కూడా అంతే. ఆ మాటే ఆయన నోటికొచ్చింది.

"నాకేమీ అవసరం లేదు."

యానాంలో ఆ మాటకు అర్థం వేరు.

వెంకటరమణమ్మ "ఆయ్" అని మాత్రం అనింది. పూతరేకుల పెట్టెకు మూత పెట్టింది. కిటికీ వైపు తిరిగింది.

తన నాయన సరిగ్గానే చెప్పినాడని కవిప్రియ అనుకునింది. వంపులకు ఆ యమ్మకు తల తిరుగుతా ఉందేమోనని నిమ్మకాయ తీసి వాసన చూడమని ఇచ్చింది. ఆమె నిమ్మకాయ చేతిలో పట్టుకుని లోయలోకే చూస్తా కూర్చునింది. సొరంగం వచ్చింది. చీకట్లో రైలు రైలంతా కేకలు పెట్టింది, ఈ బల్ల మీద మాత్రం చప్పుడు లేదు. ఇంకో సొరంగం, ఇంకోటి. కట్టు కట్టే అయిదు నిమిషాల్లో యానాం అంతా తిప్పి చూపించే మనిషి మూడు సొరంగాల పొడుగునా నోరు విప్పలేదంటే ఏదో జరిగింది. కుప్పుస్వామి తను అన్నదాంట్లో తప్పు వెతుక్కున్నాడు. అన్నదే మూడు మాటలు. వెతకడానికి కూడా చోటు లేదు.

హిల్‌గ్రోవ్ స్టేషన్లో ఇంజినుకు నీళ్ళు పట్టడానికి రైలు ఆపినారు. జనమంతా దిగినారు. కుప్పుస్వామి చక్రం చూడాలని ఇంజిను వైపు నాలుగడుగులు వేసినాడో లేదో, వెనక వెంకటరమణమ్మ కవిప్రియతో చెప్పేది చెవిన పడింది. తను కూనూరులో దిగి బస్సు పట్టుకుంటానని, వాళ్ళిద్దరూ ఊటీ చూసి నిదానంగా రావాలని. ఏమైందమ్మా అని ఆ పిల్ల అడిగితే ఏమీ లేదని చెప్పింది.

కుప్పుస్వామి చక్రాన్ని వదిలేసి వెనక్కు తిరిగినాడు. ఏం చెప్పాలో తెలియలేదు. తెలియనప్పుడు ఆయన ఏదో ఒకటి చేసి పెడతాడు. టీ అంగడికి పోయి గ్లాసు పట్టుకొచ్చి ఆమె చేతిలో పెట్టినాడు. మర్యాదస్తురాలు, తీసుకునింది. అంతలో ఇంజిను కూత వేసింది. ఆమె గాభరాగా వేడి టీ గుటకేసి నోరు కాల్చుకునింది.

టీ అంగడివాడు చూసి జాలిపడినాడు. "అవసరం ఇల్లమ్మా, మెదువా కుడింగ" అన్నాడు.

వెంకటరమణమ్మ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. ఆమెకు వచ్చిన అరవం కొంచెమే. కానీ మెదువా అంటే మెల్లగా అని తెలుసు. మంచం దిగే ప్రతి రోగికీ ఆ మాట చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. మెల్లగా తాగమనేవాడు అవసరం లేదని ఎందుకంటాడు? ఆమె టీ అంగడివాణ్ణి చూసింది. తర్వాత కుప్పుస్వామిని చూసింది.

"మీ ఇంట్లో అవసరం అంటే ఏంటండీ?"

"అవసరం అంటే అవసరమే."

"అలా కాదు. విడమర్చి చెప్పండి."

ఆయన రెండు చేతులూ పరుగెత్తేవాడి మాదిరి ఆడించినాడు. "బస్సు పోతా ఉంటే ఎనకాల పరిగెత్తేది" అన్నాడు.

ఆమె నవ్వు మొదలుపెట్టింది. టీ ఒలికి చీర మీద పడినా ఆపలేదు. కళ్ళు తుడుచుకుని, తమ ఊళ్ళో దాన్ని తొందర అంటారని చెప్పింది. కుప్పుస్వామికి అదీ అర్థం కాలేదు. తొందర అంటే ఒకరిని ఇబ్బంది పెట్టేది గదా అన్నాడు. కవిప్రియ రెండు చేతులతో తల పట్టుకునింది.

"మా వైపు అవసరం లేదంటే అక్కర్లేదనండి," అనింది వెంకటరమణమ్మ. "ఇంక వెళ్ళొచ్చు అని."

కుప్పుస్వామి మొహం పాలిపోయింది. తర్వాత జరిగినదాన్ని కవిప్రియ ఇప్పటికీ ముదలియార్‌పేటలో కథ మాదిరి చెబుతుంది. వాళ్ళ నాయన ప్లాట్‌ఫారం మీద నిలబడి, చుట్టూ కోతులు, జనం చూస్తా ఉండగా, ఆగకుండా మాట్లాడినాడు. మానిన వేలికి అన్ని దినాలు కట్టు కట్టించుకున్నది ఎందుకో చెప్పినాడు. మిద్దె మీది గదికి సున్నం కొట్టించి నెలైందని చెప్పినాడు. ఆమెకు గాలి రావాలని తూర్పున కిటికీ పెద్దది చేయించినాడంట. అది కవిప్రియకు కూడా తెలియదు. అన్నీ చెప్పేసి, ఇంక మాటలు అయిపోయినట్టు చేతులు చూసుకుంటా నిలబడినాడు.

గార్డు పచ్చజెండా ఊపినాడు. ముగ్గురూ పరుగున ఎక్కినారు. తలుపు పడినాక వెంకటరమణమ్మ ఆయన ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకునింది.

"అయితే శ్రావణమేనా? ఇంకా నిదానంగానా?"

"ఇప్పుడు అవసరమే."

"మీ అవసరమా, మా అవసరమా?"

కుప్పుస్వామి ఆమెను నిండుగా చూసినాడు.

"రెండూ" అన్నాడు.

రైలు కదిలింది. వెంటనే సొరంగం. ఈసారి పెట్టెలో అందరికన్నా ముందు కేక పెట్టింది రిటైరైన నర్సు వెంకటరమణమ్మ. వెలుతురులోకి వచ్చేసరికి ఆమె సంచిలోంచి పాత మందుల చీటీ తీసి, వెనక వైపు ఆ రెండు మాటలూ వాటి అర్థాలూ రాసుకుంటా ఉంది. ఇంకా ఎన్ని మాటలు ఇలా తలకిందులుగా ఉన్నాయో ఇప్పుడే చెప్పేయమని కవిప్రియను పట్టుకునింది. చీటీ నిండింది. చివరకు కలం ఎత్తి కుప్పుస్వామినే అడిగింది.

"పెళ్ళిని ఏమంటారు మీరు?"

"పెండ్లి."

"బతికించారు" అని ఆమె చీటీ మడిచి సంచిలో పెట్టుకునింది.